రెండు పూటలా టోపీ

శనివారం పొద్దున ఎనిమిదింటికి రైల్వే కాలనీలో ఇరవై రెండు మందిని బస్సెక్కించడం, పదకొండింటికల్లా మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపేయడం, పన్నెండింటికి తను ఇల్లు చేరి భార్య రాజశ్రీ చేసిన చేపల పులుసుతో అన్నం తినడం. ఆ రోజుకి రమణబాబు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో ఒక కార్ల షోరూమ్‌లో అతను కస్టమర్ రిలేషన్స్ మేనేజరు. పేరు పెద్దదే గాని పని చిన్నది. బండి మీద గీత పడిందనీ, మైలేజీ రావడం లేదనీ కోపంగా వచ్చేవాళ్ళకి టీ ఇప్పించి, వాళ్ళ గొంతు తగ్గేదాకా "జీ సర్, జీ సర్" అనడం. పదహారేళ్ళుగా అదే అంటున్నాడు కాబట్టి ఎదుటివాళ్ళు నోరు తెరిచేసరికే అతని తల దానంతటదే ఊగుతుంది.

కొత్తగా తయారయ్యే డీజిలు బండ్ల పొగ సగానికి తగ్గాలని ప్రభుత్వం ఒక నియమం తేబోతోంది. కంపెనీ ఆ నియమాన్ని చేతులు చాచి ఆహ్వానించింది. ఆ ఆహ్వానం జనానికి కనపడాలని ఊరూరా 'స్వచ్ఛ శ్వాస' పేరుతో నడక పెట్టమని షోరూములకి చెప్పింది. నడిచేవాళ్ళు షోరూమ్ ఉద్యోగులు కాకూడదు, మామూలు జనం కావాలి. మామూలు జనం అనగానే రమణబాబుకి రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళే గుర్తొచ్చారు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబాలు. అతనిదీ అలాంటి కుటుంబమే.

వాళ్ళందరిలోకీ ముందు ఒప్పుకున్నది అతని మేనత్త లక్ష్మీనరసమ్మ. డెబ్బై రెండేళ్ళ మనిషి. లాల్‌ఖదాన్‌లో రైల్వే గేటు పక్కన ఒంటరిగా ఉంటుంది. రమణబాబు తండ్రికి అడవిలో చిన్న స్టేషన్‌కి బదిలీ అయినప్పుడు, పిల్లాడి చదువు పాడవుతుందని తన దగ్గర పదేళ్ళు ఉంచుకుని చదివించింది ఆవిడే. ఇప్పుడు ఆవిడకి ఉబ్బసం.

"నడవక్కర్లేదత్తా. చివర్లో మైకు దగ్గర నాలుగు ముక్కలు చెప్తే చాలు. పొగ వల్ల నువ్వు పడే ఇబ్బంది."

"నాను మైకులో మాటాడాలా? ఏటి సెప్పాల్రా?"

"ఉన్నదే చెప్పు."

ఉన్నదే చెప్పడానికి ఆవిడ మూడు రోజులు సాధన చేసింది. పప్పు కడుగుతూ చెప్పుకుంది, బట్టలు ఆరేస్తూ చెప్పుకుంది. శనివారం పొద్దున జరీ అంచు చీర కట్టుకుని, ఊపిరి పీల్చే మందు గొట్టాన్ని రుమాల్లో చుట్టి బొడ్లో దోపుకుని, అందరికన్నా ముందు బస్సెక్కి కూర్చుంది.

నడక బాగానే జరిగింది. అందరికీ ఆకుపచ్చ టోపీలు ఇచ్చారు, అటుకుల పోహా, జిలేబీ పెట్టారు. పొగ నియమం వెంటనే రావాలని చెయ్యి చాపి అందరిచేతా ప్రమాణం చేయించారు. తీరా లక్ష్మీనరసమ్మ వంతు వచ్చేసరికి రాయ్‌పూర్ నుంచి వచ్చిన అతిథి గడియారం చూసుకుని లేచాడు. ఆయన వెనకే మైకు కూడా లేచింది.

"ఏట్రా, నా వొంతు రాలేదేటి?"

"ఆయనకి రైలు టైమైపోయిందత్తా."

"రైళ్ళు టైముకొచ్చే రోజులేట్రా ఇవి? ఇంకో గంట కూకున్నా అందుతాది," అంది ఆవిడ. బస్సెక్కుతున్నప్పుడు కూడా ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే షోరూమ్ యజమాని సాహూజీ ఫోన్ చేశాడు.

"రమణ్, బస్ అభీ తుమ్హారే పాస్ హై నా? ఆద్మీ భీ హై నా?"

బస్సూ ఉంది, మనుషులూ ఉన్నారు. "జీ సర్" అన్నాడు రమణబాబు. ఆ ఒక్క మాటతో చేపల పులుసు చేజారిపోయింది.

విషయం ఏమిటంటే, అదే పొగ నియమం మీద ప్రజల అభిప్రాయం తెలుసుకోవడానికి మధ్యాహ్నం పన్నెండింటికి బోద్రీ రోడ్డులో ఒక హాల్లో బహిరంగ విచారణ ఉంది. ఢిల్లీ నుంచి అధికారి వచ్చింది. నియమాన్ని మూడేళ్ళు వాయిదా వెయ్యమని 'వాహన ప్రగతి పరిషత్' తరఫున అడగాలి. సాహూజీ ఆ పరిషత్‌కి ఊళ్ళో కార్యదర్శి కూడా. హాలు నింపడానికి లారీ డ్రైవర్లని నలభై మందిని మాట్లాడుకున్నాడు. తీరా చూస్తే ఇవాళే వాళ్ళ యూనియన్ ఎన్నికలు. ఒక్కడూ రాలేదు.

"కాని సర్, పొద్దున మనమే ఆ నియమం కావాలని..." అని నసిగాడు రమణబాబు.

సాహూజీకి విసుగొచ్చింది. మంచి మాటలు చెప్పడం కంపెనీ పని, మిగిలిన మాటలు చెప్పడం పరిషత్ పని, పదహారేళ్ళ సర్వీసులో ఇది కూడా నేర్చుకోలేదా అని హిందీలో చీవాట్లు పెట్టాడు. రమణబాబు తల ఊగింది.

బస్సు బోద్రీ వైపు తిరిగింది. దారిలో సాహూజీ మనిషి అందించిన పసుపు టోపీలు రమణబాబు అందరికీ పంచాడు. ఆకుపచ్చవి తీసి సంచుల్లో పెట్టుకోమన్నాడు. లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన అప్పలకొండ హిందీ బాగా చదువుతాడు. టోపీని మొహానికి దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదివాడు.

"నయా నియమ్, అభీ నహీ. అంటే కొత్త రూలు ఇప్పుడొద్దనా? పొద్దున్న కావాలని ఒట్టేసినాం కదేటి?"

"పొద్దున్నది కంపెనీ ప్రోగ్రాం బాబాయ్. ఇది పరిషత్ ప్రోగ్రాం."

"పరిషత్తంటే ఎవులు?"

"కార్ల కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం."

"మీ కంపెనీ అందులో ఉన్నాదా?"

"ఉంది."

"సందా కడతాదా?"

"అందరికన్నా ఎక్కువ కడుతుంది."

అప్పలకొండ టోపీని తిరగేసి లోపలి కుట్టు కూడా చూశాడు. ఏ యంత్రాన్నైనా విప్పి చూస్తే గాని అతనికి నిద్ర పట్టదు. "అంటే బండికి ముందొక ఇంజనూ ఎనకొక ఇంజనూ కట్టి, రెండింటినీ ఎదురుబొదురుగా లాగిస్తన్నారన్నమాట. అలాగైతే బండి కదల్దు కదరా."

కదలకూడదనే బాబాయ్ అనబోయి రమణబాబు నాలిక కరుచుకున్నాడు.

"మరి నానేటి సెప్పాల్రా?" అంది లక్ష్మీనరసమ్మ.

"నువ్వేం చెప్పక్కర్లేదత్తా. ఊరికే కూర్చో."

హాలు గుమ్మంలో సాహూజీ ఎదురొచ్చి రమణబాబు చొక్కాకి ఒక బిళ్ళ గుచ్చాడు. దాని మీద 'సంయుక్త కార్యదర్శి, వాహన ప్రగతి పరిషత్' అని ఉంది. ఏదో ఒక పదవి లేనివాళ్ళు సంఘం తరఫున మాట్లాడటానికి వీల్లేదట. పదహారేళ్ళలో షోరూమ్‌లో రాని ప్రమోషన్ పరిషత్‌లో అర నిమిషంలో వచ్చింది.

వేదిక మీద అధికారిణి నలభై ఐదేళ్ళ మనిషి. బల్ల మీద చెక్కపై 'హరిప్రియ' అని హిందీలో రాసి ఉంది. ఒడియా ఆవిడేమో అనుకున్నాడు రమణబాబు. సాహూజీ రాసుకొచ్చిన కాగితం పది నిమిషాలు చదివాడు. సామాన్యుడు, సామాన్యుడి కల, సామాన్యుడి జేబు. సామాన్యుడు అన్నప్పుడల్లా పసుపు టోపీల వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ కూడా అటు చూసింది. ముందు వరసలో జరీ అంచు చీర, పసుపు టోపీ, కదులుతున్న పెదవులు కనిపించాయి.

"అమ్మగారు ఏదో చెప్పాలనుకుంటున్నట్టున్నారు. మైకు ఇవ్వండి," అంది హిందీలో.

మైకు అందగానే లక్ష్మీనరసమ్మ లేచి నిలబడింది. పాఠం తెలుగులో నేర్చుకుంది కాబట్టి తెలుగులోనే మొదలుపెట్టింది. పక్కనున్న గుమాస్తా "హిందీ మే బోలియే, మాతాజీ" అన్నాడు. ఆవిడ తడబడింది. రమణబాబు ఒక్క గెంతులో ఆవిడ పక్కకి చేరాడు.

"మేడమ్, వీరికి హిందీ అంతగా రాదు. నేను అనువాదం చేస్తాను."

అధికారిణి అతని బిళ్ళ చూసింది. సరేనన్నట్టు తల పంకించి కలం తీసింది.

"నా పేరు లచ్చీనరసమ్మ. లాల్‌ఖదాన్ గేటు పక్కనే మా ఇల్లు. గేటు పడితే బళ్ళన్నీ మా వొంటింటి కిటికీ ముందే ఆగుతాయి. ఒక్కడూ ఇంజనాపడు."

రమణబాబు హిందీలో చెప్పాడు: "వీరి ఇల్లు రోడ్డు పక్కనే. చిన్నప్పటినుంచీ కార్లను దగ్గరగా చూస్తూ పెరిగారు. కార్లంటే వీరికి చాలా అభిమానం."

"ఆ పొగకి ఆరేళ్ళై ఆ కిటికీకి మేకు కొట్టీసినాను. అయినా ఊపిరాడదు. కూకునే కునుకు తీస్తాను."

"ఆరేళ్ళుగా ఒక కారు కొనుక్కోవాలని కూర్చుని ఎదురు చూస్తున్నారు."

"కొత్త రూలొస్తే పొగ తగ్గుతాదంట. నా కోసం కాదు, నానెన్నాళ్ళుంటాను! ఆ కిటికీ కాడ కూకునే మా మేనల్లుడు సదువుకున్నాడు. రేపు ఇంకెవులైనా సదువుకోవాల కదా. రూలేదో బేగి తెండమ్మా."

మూడో వరసలోంచి సాహూజీ కళ్ళు రమణబాబు వీపుకి గుచ్చుకుంటున్నాయి. "కొత్త నియమం వస్తే కార్ల ధరలు పెరుగుతాయి. వీరికి తమ మేనల్లుడికి కారు కొనిపెట్టాలని కోరిక. కాబట్టి మూడేళ్ళు వాయిదా వెయ్యమని వేడుకుంటున్నారు," అని ముగించాడు.

చప్పట్లు వినిపించాయి. కొట్టింది సాహూజీ ఒక్కడే.

అధికారిణి కలం మూత పెట్టింది. మైకు దగ్గరికి లాక్కుని, "కూర్చోండమ్మా, నిలబడి ఆయాసపడకండి," అంది. తెలుగులో అంది. "మాది విజయనగరం పక్కనే. మా అమ్మమ్మా అచ్చం మీలాగే మాట్లాడేది."

రమణబాబుకి హాలు పైకప్పు, పంకాలు, పసుపు టోపీలు అన్నీ ఒకసారి గిర్రున తిరిగాయి. సిగ్గు ముందు చెవుల్లోకి పాకింది, తర్వాత మెడలోకి, తర్వాత అరచేతుల్లోకి. ఆ పూట ఇక అంతకన్నా తల దించుకోవలసింది ఉండదని అతను అనుకున్నాడు. కాని ఉంది.

"అమ్మా, ఒక్క ప్రశ్న అడుగుతాను," అంది హరిప్రియ. "ఇతను హిందీలో చెప్పింది మీకు అర్థమైందా?"

అప్పుడు గుర్తొచ్చింది రమణబాబుకి. అత్త యాభై ఏళ్ళుగా బుధవారీ బజార్లో కూరల బేరం హిందీలోనే ఆడుతోంది.

"అయిందమ్మా," అంది లక్ష్మీనరసమ్మ.

"మీరు చెప్పిందే చెప్పాడా?"

ఆవిడ తలెత్తి మేనల్లుడి వైపు చూసింది. చొక్కాకి గుచ్చిన బిళ్ళ చూసింది, చెమట పట్టిన మొహం చూసింది. మూడో వరసలో సాహూజీని కూడా చూసింది. తర్వాత టోపీ సర్దుకుంది.

"అదేనమ్మా. ఆడెలాగ సెప్పినాడో అలాగే రాసీసుకో," అంది.

మూడు రోజులు నేర్చుకున్న మాటలు, ఆరేళ్ళ ఊపిరి, అన్నీ అతని ఉద్యోగం కోసం అక్కడికక్కడే వదిలేసి కూర్చుంది ఆవిడ. కూర్చున్నాక రుమాలు విప్పి మందు పీల్చుకుంది. ఆ గొట్టం చేసిన 'స్స్' మన్న చప్పుడు మైకులో హాలంతా వినపడింది.

"కాదు మేడమ్," అన్నాడు రమణబాబు.

అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "అత్త చెప్పింది వేరు, నేను చెప్పింది వేరు. ఆవిడకి కారు అక్కర్లేదు. ఊపిరి ఆడితే చాలు. ఆ కిటికీ దగ్గర చదువుకున్నది నేనే. మళ్ళీ చెప్తాను, ఈసారి సరిగ్గా చెప్తాను."

మళ్ళీ హిందీలో చెప్పాడు. మేకు, కిటికీ, గేటు, ఆపని ఇంజన్లు, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు మాట తట్టకపోతే లక్ష్మీనరసమ్మే పక్కనుంచి హిందీ మాట అందించింది.

"మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అంది హరిప్రియ. "బిళ్ళ చూస్తే పరిషత్‌ది. మీ జేబు మీద కుట్టిన గుర్తు కంపెనీది."

"పొద్దున కంపెనీ తరఫున, నియమం కావాలని. మధ్యాహ్నం పరిషత్ తరఫున, వద్దని. మనుషులు వీళ్ళే మేడమ్. బస్సు కూడా అదే."

ఇక్కడితో ఆగినా బాగుండేది. కాని రమణబాబు మాట మార్చడం చూసి, కార్యక్రమం మళ్ళీ మారిందనుకున్నారు కాలనీవాళ్ళు. అప్పలకొండ పసుపు టోపీ తీసి, సంచిలోంచి ఆకుపచ్చది తీసి పెట్టుకున్నాడు. అతన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు. అర నిమిషంలో రెండు వరసలూ ఆకుపచ్చగా మారాయి. అలవాటు చొప్పున ఒకరిద్దరు ప్రమాణానికి చెయ్యి కూడా చాపారు. విలేఖరులు కుర్చీలెక్కి ఫోటోలు తీసుకున్నారు. హరిప్రియ మొహానికి కాగితం అడ్డం పెట్టుకుంది. కాగితం కాసేపు కదిలింది.

బయట సాహూజీ ఒక్క వాక్యమే అన్నాడు. "సోమ్‌వార్ సే మత్ ఆనా."

సోమవారం నుంచి రావద్దన్న మాట రాజశ్రీకి ఎలా చెప్పాలో తెలియక, రమణబాబు అందర్నీ దింపి చివరికి లాల్‌ఖదాన్‌లోనే దిగిపోయాడు. అత్త టీ పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నీ మాటలు తిప్పేశాను. నన్ను తిట్టత్తా," అన్నాడు.

"నిన్నేటి తిట్టేది? అంత పెద్ద కచేరీలో అబద్ధమాడినాను నాను. సిగ్గుతో సచ్చిపోతన్నాను," అంది లక్ష్మీనరసమ్మ. "ఆయమ్మ మనూరు మనిషట కూడాను. ఏటనుకున్నాదో!"

గేటు పడింది. బయట బళ్ళు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. ఒక్కడూ ఇంజనాపలేదు. రమణబాబు లేచి వెళ్ళి గేటు దగ్గర ఒక్కొక్క బండి అద్దం తట్టి, ఇంజన్ ఆపమని బతిమాలాడు. ముగ్గురు ఆపారు. నాలుగోవాడు అతని కంపెనీ కారులో ఉన్నాడు. జేబు మీద గుర్తు చూసి, ఏసీ పనిచెయ్యడం లేదని అక్కడే ఫిర్యాదు చేశాడు. రమణబాబు తల ఊగింది.

ఆదివారం పేపర్లో ఆకుపచ్చ టోపీల ఫోటో నాలుగు కాలమ్‌లలో వచ్చింది. 'పరిషత్‌ను ఎదిరించిన కార్ల కంపెనీ ఉద్యోగి' అని పైన రాశారు. మధ్యాహ్నానికి అది ఫోన్లన్నిట్లో తిరిగింది. తమ కంపెనీకి పరిషత్ అభిప్రాయాలతో సంబంధం లేదనీ, స్వచ్ఛమైన గాలే తమ ప్రాణమనీ కంపెనీ సాయంత్రం ప్రకటన ఇచ్చింది. ఆ వెంటనే సాహూజీ ఫోన్ చేశాడు. సోమవారం వేళకి రమ్మన్నాడు, అసలు రావద్దన్నదెవరని కూడా అడిగాడు.

పది రోజుల తర్వాత రమణబాబు పేరుమీద ఒకే కొరియర్‌లో రెండు ఉత్తరాలు వచ్చాయి.

మొదటిది కంపెనీది. విచారణలో అతను చూపిన నిజాయితీకి సంస్థ గర్విస్తోందనీ, అతను తోటి ఉద్యోగులందరికీ ఆదర్శమనీ అభినందన. కింద మేనేజింగ్ డైరెక్టర్ సంతకం.

రెండోది పరిషత్‌ది. సంయుక్త కార్యదర్శి హోదాలో ఉండి విచారణలో పరిషత్ పరువు తీసినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో ఏడు రోజుల్లో చెప్పమని నోటీసు. కింద జాతీయ ఉపాధ్యక్షుడి సంతకం.

రాజశ్రీ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇదేంటండీ, సంతకం ఒకటే?"

ఒకటే. పేరూ ఒకటే, మనిషీ ఒకడే. సిరా కూడా ఒకటే.

"దేనికి జవాబు రాస్తారు?"

రమణబాబు తెల్ల కాగితం తీసుకుని, 'అయ్యా, ఆ రోజు జరిగినదానికి నిజంగానే సిగ్గుపడుతున్నాను' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. అది రెండింటికీ సరిపోయింది.

కంపెనీ, పరిషత్ ఒకే భవనంలో ఒకే అంతస్తులో ఉండటం వల్ల ఒక కవరు మిగిలింది.